పాట హిట్టయ్యేసరికి గ్రూపే లేదు!

ఒక సినిమా విడుదలైంది. ఏ సెంటర్లో చూసినా హౌస్‌ఫుల్ బోర్డులే! పంపిణీదారులు డబ్బుసంచులు పట్టుకుని, "ఇంకో సినిమా తీయండి బాబూ!" అంటూ ఆఫీసుకి పరుగెత్తుకొచ్చారు. తీరా చూస్తే ఆఫీసుకి తాళం! హీరోగారు ఎక్కడున్నారయ్యా అంటే, ఏదో ఇన్సూరెన్సు కంపెనీలో గుమస్తాగా చేరి ఫైళ్ళు రాసుకుంటున్నారట!

ఇలాంటి కథ పట్టుకెళ్ళి చెబితే ఏ నిర్మాతైనా, "నమ్మేట్టు లేదు, మార్చుకురావయ్యా" అంటాడు. కానీ ఇది అక్షరాలా జరిగింది. సినిమాకి కాదు... ఒక ఎల్.పి. రికార్డుకి! ఆ రికార్డు పేరు 'ఒడెస్సీ అండ్ ఒరకిల్'. పాడిన గ్రూపు పేరు 'ది జాంబీస్'. జాంబీలంటే మీకు తెలుసుగా, సమాధుల్లోంచి లేచొచ్చే శవాలు! పేరు పెట్టుకున్న వేళావిశేషమేమోగాని, ఆ గ్రూపు చచ్చిపోయాకే దాని పాట లేచి కూర్చుంది.

బీటిల్స్ గురించి మీలో తెలియనివాళ్ళుండరు. వాళ్ళ పాటలు వినని కాలేజీ హాస్టలుండదు. అదే కాలంలో, అదే దేశంలో, అదే స్టూడియోలో రికార్డు చేసిన ఈ అయిదుగురి కథ మటుకు చాలామందికి తెలియదు. అందుకే ఈ వారం వాళ్ళ సంగతి చెబుదామని కూర్చున్నాను.

ముక్కు పగిలిన గాయకుడు

లండన్‌కి ఉత్తరంగా ఇరవై మైళ్ళ దూరంలో సెయింట్ ఆల్బన్స్ అనే పాత ఊరుంది. 1960ల మొదట్లో అక్కడి స్కూలు కుర్రాళ్ళు కొందరు కలిసి గ్రూపు పెట్టుకున్నారు. మొదటి రిహార్సల్‌కి కాలిన్ బ్లన్‌స్టోన్ అనే కుర్రాడు ముక్కు పగిలి, కళ్ళ చుట్టూ నల్లగా కమిలిపోయి వచ్చాడు. రగ్బీ ఆటలో దెబ్బలు తగిలాయట. చూడ్డానికి రౌడీలా వున్న ఆ కుర్రాడు గిటారు వాయించాలని, రాడ్ ఆర్జెంట్ అనే ఇంకో కుర్రాడు పాడాలని ఏర్పాటు.

రిహార్సల్ మధ్యలో విరామం ఇచ్చారు. ఆర్జెంట్ ఊరికే పక్కనున్న పియానో దగ్గర కూర్చుని వాయించాడు. అది విన్న బ్లన్‌స్టోన్, "నువ్వు పియానో వాయించకపోతే ఎలా?" అన్నాడు. ఆ తర్వాత బ్లన్‌స్టోన్ తనలో తాను ఓ పాట కూనిరాగం తీస్తుంటే ఆర్జెంట్ విన్నాడు. "అయితే పాడవలసింది నువ్వే!" అన్నాడు. అంతే, ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. గిటారుకి పాల్ అట్కిన్సన్, డ్రమ్స్‌కి హ్యూ గ్రండీ, బేస్ గిటారుకి క్రిస్ వైట్... అయిదుగురూ కుదిరారు.

1964లో ఒక లండన్ పత్రిక పెట్టిన పోటీలో గెలిచారు. దాంతో డెక్కా కంపెనీవాళ్ళు పిలిచి రికార్డు చేయించారు. దానికోసం ఆర్జెంట్ కట్టిన పాట 'షి ఈజ్ నాట్ దేర్'. అప్పటికతనికి పందొమ్మిదేళ్ళు నిండీ నిండలేదు. ఆ పాట ఇంగ్లండులో పన్నెండో స్థానంలో ఆగిపోయిందిగాని, అమెరికాలో బిల్‌బోర్డ్ పట్టికలో ఏకంగా రెండో స్థానానికెక్కింది! అదే ఏడాది క్రిస్మస్ రోజుల్లో ఈ కుర్రాళ్ళు న్యూయార్క్‌లో, బ్రూక్లిన్ ఫాక్స్ థియేటరు స్టేజిమీద వున్నారు. 1965లో 'టెల్ హర్ నో' అమెరికాలో ఆరో స్థానం అందుకుంది.

సినిమా అభిమానులకి ఇక్కడో చిన్న కానుక! అదే 1965లో ఓట్టో ప్రెమింజర్ తీసిన 'బన్నీ లేక్ ఈజ్ మిస్సింగ్' అనే మిస్టరీ చిత్రంలో వీళ్ళు కనిపిస్తారు. లారెన్స్ ఒలీవియే మహానటుడు వున్న చిత్రమది. అందులో ఒక పబ్బులో గోడపక్కనున్న టెలివిజన్‌లో పాడుతూ కనిపించే కుర్రాళ్ళు వీళ్ళే. దొరికితే చూడండి, కనిపెట్టండి!

ఇద్దరి జేబు, ముగ్గురి జేబు

తర్వాత మూడేళ్ళు గడ్డుకాలం. పాట తర్వాత పాట వదిలారు, ఒక్కటీ అంటుకోలేదు. 1967లో ఫిలిప్పీన్స్ వెళ్తే అక్కడ వేలాది జనం విరగబడ్డారు. మన స్టార్లకి విమానాశ్రయంలో జరిగేలాంటి స్వాగతం! కానీ చేతికి వచ్చిందేమిటంటే చిల్లర. టిక్కెట్ల డబ్బు ఎవరి జేబులోకి పోయిందో ఆ కుర్రాళ్ళకి తెలియదు.

ఇంకో సంగతి చెప్పాలి. మా సినిమా పత్రికలవాళ్ళకి ఏ గ్రూపు విడిపోయినా "అహంకారాలు! తగాదాలు! మధ్యలో ఒక అమ్మాయి!" అని రాయడం అలవాటు. జాంబీస్ విషయంలో ఇవేవీ కావు. కేవలం లెక్క!

రికార్డు అమ్ముడుపోతే పాట రాసి బాణీ కట్టినవాడికి విడిగా రాయల్టీ వస్తుంది. రేడియోలో వేసినా వస్తుంది. ఈ గ్రూపులో పాటలు కట్టేది ఇద్దరే: ఆర్జెంట్, వైట్. వాళ్ళకి పాత హిట్ల మీద ఎంతో కొంత వస్తూనే వుంది. మిగతా ముగ్గురికి, అంటే గొంతిచ్చిన బ్లన్‌స్టోన్‌కి, గిటారు అట్కిన్సన్‌కి, డ్రమ్స్ గ్రండీకి, కచేరీ వుంటేనే కూడు. కచేరీలు తగ్గిపోతున్నాయి. అట్కిన్సన్‌కి పెళ్ళి కావలసి వుంది. ఇక చెప్పేదేముంది?

ఒకే పాట, ఒకే స్టేజి, అయిదుగురూ చిన్ననాటి స్నేహితులే. అయినా ఇద్దరికి రేపటి గురించి భయం లేదు, ముగ్గురికి ఇవాళ్టి గురించే భయం. ఈ తేడాయే ఆ గ్రూపుని మింగేసింది. గ్రూపు కట్టుకుని ఏదో సాధిద్దామనుకుంటున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ ముక్క మటుకు గుర్తుపెట్టుకోండి. ట్యూను కుదిరే ముందే వాటాలు కుదుర్చుకోండి!

వెయ్యి పౌన్లతో ఒక ప్రపంచం

విడిపోతామేమోనని తెలిసీ, ఆర్జెంట్, వైట్ ఒక పట్టు పట్టారు. "ఇంతవరకూ మన పాటల్ని ఇంకొకళ్ళు ప్రొడ్యూస్ చేశారు. మన చెవికి వినబడినట్టు ఒక్క రికార్డైనా మనమే చేసుకుందాం" అనుకున్నారు. సి.బి.ఎస్. కంపెనీ ఒప్పుకుని వెయ్యి పౌన్లిచ్చింది. మొత్తం ఎల్.పి.కి వెయ్యి పౌన్లు! ఆ రోజుల లెక్కకి కూడా చిన్న బడ్జెట్టే.

1967 జూన్‌లో అబ్బీ రోడ్‌లోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో అడుగుపెట్టారు. బీటిల్స్ తమ 'సార్జంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' ముగించి బయటికి వెళ్ళి రెండు నెలలైనా కాలేదు. ఆ రికార్డుకి పనిచేసిన ఇంజనీరు జెఫ్ ఎమెరికే వీళ్ళకీ పనిచేశాడు. జాన్ లెనన్ వదిలిపెట్టి వెళ్ళిన మెలోట్రాన్ కూడా అక్కడే వుందని, దాన్నే తాను వాడుకున్నానని ఆర్జెంట్ తర్వాత చెప్పాడు.

మెలోట్రాన్ అంటే ఏమిటంటారా? చూడ్డానికి హార్మోనియం మెట్లలాంటి మెట్లే. కానీ ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క! దానిమీద వయొలిన్లో, వేణువులో ముందే రికార్డు చేసి వుంటాయి. మెట్టు నొక్కితే టేపు తిరిగి ఆ ధ్వని వస్తుంది. ఎనిమిది సెకన్లలో టేపు అయిపోతుంది కాబట్టి వేలు తీసి మళ్ళీ నొక్కాలి. ముప్ఫైమంది వయొలిన్ వాద్యకారులని పిలిపించే స్తోమత లేని ఈ కుర్రాళ్ళకి ఆ పెట్టె దేవుడిచ్చిన ఆర్కెస్ట్రా అయింది.

స్టూడియో అద్దె గంటల లెక్కన. అందుకని పాటలన్నీ బయటే రిహార్సల్ చేసుకుని, లోపలికొచ్చి గబగబా రికార్డు చేసేవారు. స్టూడియోలో కూర్చుని ట్యూన్లు వెతుక్కునే భోగం బీటిల్స్‌కి వుంది, వీళ్ళకి లేదు. మధ్యలో కొన్ని పాటలకి ఒలింపిక్ స్టూడియోకి వెళ్ళి, మళ్ళీ అబ్బీ రోడ్‌కి వచ్చి, నవంబరు నాటికి పన్నెండు పాటలూ పూర్తిచేశారు.

అంతలో కంపెనీ కొత్త మెలిక పెట్టింది: "మోనో ఒక్కటే చాలదు, స్టీరియో కూడా కావాలి!" ఇచ్చిన వెయ్యీ అప్పటికే హారతి కర్పూరం. ఆర్జెంట్, వైట్ తమ రాయల్టీ డబ్బులోంచి రెండొందల పౌన్లు తీసి స్టీరియో చేయించారు. గ్రూపు మునిగిపోతోందని తెలిసి కూడా పడవకి రంగు వేయించినట్టన్నమాట! నాకు వాళ్ళమీద గౌరవం పెరిగింది అక్కడే.

ఆ పన్నెండు పాటలు

'సైకడెలిక్' అనే మాట 1967లో ఇంగ్లండు, అమెరికా యువతరం నోట నానింది. మత్తుమందుల మైకంలో కనబడే రంగులు, వింత ఆకారాలు, కలలాంటి ధ్వనులు... వీటిని పాటల్లోకి తెచ్చే పద్ధతికి ఆ పేరు. ఈ రికార్డు అట్ట చూడండి. పువ్వులూ, మెలికలు తిరిగే అక్షరాలూ, రంగులూ కలిసి తిరణాల లాగుంటుంది! వైట్‌తో కలిసి ఒకే ఇంట్లో వుండే టెరీ క్విర్క్ అనే చిత్రకారుడు వేశాడు. వేస్తూ వేస్తూ 'ఒడెస్సీ' అనే మాటలో 'వై' వుండవలసిన చోట 'ఈ' పెట్టేశాడు! చూసుకునేసరికి మార్చే వీల్లేకపోయింది. "అది తప్పు కాదు, కావాలనే పెట్టాం" అని గ్రూపువాళ్ళు చాలా ఏళ్ళు దబాయించారు. చివరికి అసలు సంగతి ఒప్పుకున్నారు.

ఒక మిత్రుడు నాకు ఈ రికార్డు మొదటిసారి వినిపించినప్పుడు, సైకడెలిక్ అన్నాడుగదా, గిటార్లు గోలగా అరుస్తాయి కాబోలుననుకుని కూర్చున్నాను. అబ్బే! మొదటి పాట వింటే పెళ్ళివారింట్లో పొద్దున్నే మోగే పియానోలా హుషారుగా వుంది. ఇంతకీ ఆ పాటలో సంగతేమిటో తెలుసా? జైలునుంచి విడుదల కాబోతున్న ప్రియురాలికి ప్రియుడు రాస్తున్న ఉత్తరం! 'కేర్ ఆఫ్ సెల్ 44' అన్నదే ఆ పాట పేరు. జైలు పాటంటే ఏడుపు వాయించాలని మనకో లెక్క వుంది. వీళ్ళు ఆమె తిరిగొస్తోందన్న సంతోషం ఒక్కటే పట్టుకున్నారు.

రెండో పాట 'ఎ రోజ్ ఫర్ ఎమిలీ'. అమెరికన్ రచయిత విలియం ఫాక్నర్ కథ పేరు తీసుకుని ఆర్జెంట్ కట్టాడు. ఒక పియానో, కొన్ని గొంతులు, అంతే! ఎవరి ప్రేమకీ నోచుకోని ఒక ఒంటరి స్త్రీ కథ. బ్లన్‌స్టోన్ గొంతు ఎలాంటిదంటే, బిగ్గరగా పాడుతున్నా చెవిలో చెబుతున్నట్టుంటుంది. ఈ పాట ఒక్కటీ రాత్రివేళ దీపం తగ్గించి వినండి.

'బుచర్స్ టేల్' అని ఇంకోటుంది. 1914 నాటి యుద్ధంలో కందకంలో ఇరుక్కున్న ఒక కసాయివాడి గోడు. దుకాణంలో మాంసం కొట్టినవాడే అక్కడి నెత్తురు చూడలేక వణికిపోతాడు. ఇది బ్లన్‌స్టోన్ కాదు, రాసిన వైటే పాడాడు. వెనకాల మోగేది కాళ్ళతో తొక్కే పాత ఆర్గన్. మన హార్మోనియంకి పెదనాన్న అనుకోండి. గిటారు మోత లేదు, డ్రమ్స్ హోరు లేదు, అయినా ఒళ్ళు జలదరిస్తుంది.

ఆఖరి పాట 'టైం ఆఫ్ ది సీజన్'. బేస్ గిటారు నాలుగడుగులు వేస్తుంది. ఒక చప్పట్టు. వెంటనే ఎవరో మన మెడమీద ఊపిరి వదిలినట్టు ఒక నిట్టూర్పు. ఈ మూడింటితో మొత్తం వాతావరణం తయారు! ఈ పాట పాడేటప్పుడు స్టూడియోలో గొడవైందని బ్లన్‌స్టోన్ చాలాసార్లు చెప్పాడు. పాట కొత్తది, సరిగా వంటబట్టలేదు. గోడమీద గడియారం తిరిగిపోతోంది. ఆర్జెంట్ కంట్రోల్ రూంలోంచి "అలా కాదు, ఇలా" అంటూ దిద్దుతున్నాడు. బ్లన్‌స్టోన్‌కి ఒళ్ళు మండి, "అంత బాగా తెలిస్తే నువ్వే వచ్చి పాడుకో!" అన్నాడు. "గాయకుడివి నువ్వు. నువ్వే పాడాలి!" అని ఆర్జెంట్. ఆ కోపంలోనే పాడాడు. ఇప్పుడు వింటే అందులో కోపం లేశమైనా వినబడదు. పట్టుపరుపు మీద పడుకున్నట్టుంటుంది!

అమెరికా నుంచి పిలుపు

1967 చివర్లో 'కేర్ ఆఫ్ సెల్ 44' సింగిల్‌గా వదిలారు. ఇంగ్లండులో ఎవరూ పట్టించుకోలేదు. ఇక చాలన్నారు ముగ్గురూ. డిసెంబరులో ఆఖరి కచేరీలు ముగించుకుని ఎవరి దారి వారు పట్టారు. అరుపులు లేవు, కోర్టులు లేవు. 1968 ఏప్రిల్‌లో ఎల్.పి. విడుదలయ్యేనాటికి, చెప్పుకోవడానికి గ్రూపే లేదు! బ్లన్‌స్టోన్ లండన్‌లో ఇన్సూరెన్సు ఆఫీసులో చేరాడు. పొద్దున్న వెళ్ళడం, ఫైళ్ళు చూడడం, సాయంత్రం ఇంటికి రావడం.

ఇక్కడ మన కథలోకి ఒక కొత్త పాత్ర ప్రవేశం. పేరు అల్ కూపర్. 1965లో బాబ్ డిలన్ 'లైక్ ఎ రోలింగ్ స్టోన్'కి ఆర్గన్ వాయించినవాడు. అప్పటికి అమెరికాలో కొలంబియా కంపెనీలో ప్రొడ్యూసరుగా చేరాడు. లండన్ వెళ్ళి బస్తాడు రికార్డులు తెచ్చుకుని ఒక్కొక్కటీ వింటున్నాడు. 'ఒడెస్సీ అండ్ ఒరకిల్' దగ్గర ఆగిపోయాడు. పరుగున వెళ్ళి కంపెనీ పెద్ద క్లైవ్ డేవిస్‌తో, "దీని హక్కులు ఎవరి దగ్గరున్నా ఎంతైనా ఇచ్చి కొనండి!" అన్నాడు. తీరా చూస్తే ఆ హక్కులు కొలంబియా చేతిలోనే వున్నాయి! విడుదల చేసే ఉద్దేశం లేక మూలన పెట్టారంతే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది కదూ?

కూపర్ పోరగా పోరగా విడుదల చేశారు. కానీ సింగిల్‌గా వేసింది 'బుచర్స్ టేల్'! వియత్నాం యుద్ధం సాగుతోంది, యుద్ధం మీది పాటైతే ఆడుతుందని కాబోలు వాళ్ళ లెక్క. ఆడలేదు. చివరికి 'టైం ఆఫ్ ది సీజన్' వేశారు. మెల్లగా అంటుకుంది. ఒక ఊరి రేడియోనుంచి ఇంకో ఊరి రేడియోకి పాకింది. 1969 మార్చి నాటికి బిల్‌బోర్డ్‌లో మూడో స్థానం! గ్రూపు విడిపోయి అప్పటికి పదిహేను నెలలు.

అమెరికా కుర్రకారు "జాంబీస్ ఎక్కడ?" అంటున్నారు. కచేరీల ఏజెంట్లు డబ్బు చూపిస్తున్నారు. జాంబీస్ వెళ్ళలేదు! ఆర్జెంట్, వైట్ కలిసి 'ఆర్జెంట్' అనే కొత్త గ్రూపు పనిలో దిగారు. చేసినదానికంటే చేయబోయేదే వాళ్ళకి ముఖ్యమైంది. సరే, అసలువాళ్ళు రాకపోతే ఏం, నకిలీలకి కొదవా? అమెరికాలో దొంగ జాంబీస్ బయల్దేరారు! ఒకటి కాదు, రెండు గ్రూపులు! టెక్సాస్‌నుంచి వచ్చిన దొంగ గ్రూపులో డస్టీ హిల్, ఫ్రాంక్ బియర్డ్ అనే ఇద్దరు కుర్రాళ్ళున్నారు. తర్వాత జెడ్.జెడ్. టాప్ అనే గ్రూపులో పేరు తెచ్చుకున్నది ఆ ఇద్దరే.

నలభై ఏళ్ళ తర్వాత

సొంత దేశంలో ఆ ఎల్.పి. ఏనాడూ పట్టికలకెక్కలేదు. 'టైం ఆఫ్ ది సీజన్' కూడా అక్కడ హిట్ కాలేదు. కానీ నోటా నోటా పాకింది. ఒక తరం సంగీతకారులు ఇంకో తరానికి చెప్పారు. 2012లో 'రోలింగ్ స్టోన్' పత్రిక వేసిన అయిదువందల గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో ఇది నూరో స్థానంలో నిలిచింది. అట్కిన్సన్ తర్వాతి కాలంలో రికార్డు కంపెనీల్లో కొత్తవాళ్ళని వెతికిపట్టే పెద్ద ఉద్యోగాలు చేశాడు. 2004లో అతను జబ్బుపడితే లాస్ ఏంజలిస్‌లో సహాయ కచేరీ పెట్టారు. పాత మిత్రులు అతనితో కలిసి స్టేజి ఎక్కారు. ఆ ఏప్రిల్‌లోనే అతను పోయాడు.

2008 మార్చిలో, లండన్‌లోని షెపర్డ్స్ బుష్ ఎంపైర్ థియేటరులో మిగిలిన నలుగురూ కలిసి ఆ పన్నెండు పాటలూ మొదటినుంచి చివరిదాకా ప్రేక్షకుల ముందు వాయించారు. రికార్డు చేసిన నలభై ఏళ్ళకి! అంతకు ముందు మొత్తం రికార్డుని స్టేజిమీద వాయించే అవకాశం వాళ్ళకి ఎక్కడొచ్చింది? 2019 మార్చి 29న రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. ఆ సభ జరిగింది ఎక్కడనుకున్నారు? బ్రూక్లిన్‌లో! 1964లో కుర్రాళ్ళుగా స్టేజి ఎక్కిన ఆ బ్రూక్లిన్‌లోనే! వాళ్ళమీద రాబర్ట్ ష్వార్ట్‌జ్‌మన్ తీసిన 'హంగ్ అప్ ఆన్ ఎ డ్రీమ్' అనే డాక్యుమెంటరీ కూడా ప్రదర్శనకొచ్చింది.

ఇదంతా విని కొందరు, "చూశావా, మంచిపనికి ఎప్పటికైనా గుర్తింపు వస్తుంది" అంటారు. నేను అలా అనను. వస్తుందని ఎవరు హామీ ఇచ్చారు? కూపర్ తెచ్చుకున్న ఆ బస్తాలో ఈ రికార్డు లేకపోతే ఇవాళ నేను రాసేవాణ్ణీ కాదు, మీరు చదివేవాళ్ళూ కాదు. మూడో స్థానం వార్త వచ్చిన రోజు బ్లన్‌స్టోన్‌కి ఆ రెండేళ్ళ రిహార్సళ్ళు, ఆకలి, వ్యాన్లలో ప్రయాణాలు ఎవరు తిరిగిచ్చారు?

నాకు నచ్చింది వేరే. 1967లో ఆ అయిదుగురికీ ముందు హాల్ ఆఫ్ ఫేమ్ కనబడలేదు. మూతబడబోయే దుకాణం కనబడింది. అయినా ఒక్క గొంతు తేడాగా పడితే మళ్ళీ పాడారు. సొంత డబ్బు పెట్టి స్టీరియో చేయించారు. చివరిపాట దగ్గర కూడా, "ఎలాగూ విడిపోతున్నాం, ఎలాపడితే అలా కానిచ్చేద్దాం" అనలేదు. సరిగ్గా రావాలని పోట్లాడుకున్నారు! ఆ పోట్లాటే లేకపోతే ఈ కథే లేదు.

రికార్డు మొత్తం అరగంటకి కాస్త పైన. మన సినిమాలో ఇంటర్వెల్ కూడా పడదు ఆ లోపల! ఇప్పుడు సెల్‌ఫోనులోనే దొరుకుతుంది. ముందు 'టైం ఆఫ్ ది సీజన్' వినండి, చప్పట్టు తర్వాత వచ్చే నిట్టూర్పు పట్టుకోండి. తర్వాత 'ఎ రోజ్ ఫర్ ఎమిలీ'. ఈ రెండూ నచ్చితే మొదటినుంచీ వరసగా పెట్టుకోండి. నచ్చకపోతే ఒక కార్డు ముక్క రాసి నన్ను తిట్టండి. నచ్చితే మటుకు ఇంకొకళ్ళకి వినిపించండి. ఆ రికార్డు ఇన్నాళ్ళు బతికింది అలాగే మరి!